పంపను, పంపుతాను

సార్ పోయిన సంగతి నాకు రెండుసార్లు తెలిసింది. పొద్దున ఆరున్నరకు ఆయన కూతురు ఫోన్ చేసి, "అన్నా, నాయన పోయినాడు" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. పదకొండు గంటలప్పుడు విలేకరుల వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన వచ్చింది. సార్ ముప్పై ఏళ్ళు పనిచేసిన ప్రభుత్వ ప్రచార కార్యాలయం పంపిన సంతాపం అది. ఆ ఆఫీసు పేరు నేను రాయను. "సరిహద్దులో యుద్ధం జరుగుతున్న రోజుల్లో మన జిల్లా వీరమాత పలికిన స్ఫూర్తిదాయకమైన మాటలను అన్ని వర్గాల ప్రజలకూ చేర్చిన ఘనత ఆయనది" అని అందులో ఉంది. మరునాడు పేపర్లు కామా కూడా మార్చకుండా దాన్ని అచ్చేశాయి.

మొదటి కబురుకు ఏడుపొచ్చింది. రెండోదానికి ఒళ్ళు మండింది. ఆ మంట ఇంకా ఆరలేదు కాబట్టే ఇది రాస్తున్నాను. ఆ తల్లి ఆ మాటలు అనలేదు. ఆమె ఏమన్నదో ఎదురుగా నిలబడి విన్నవాళ్ళం నలుగురం. ఆ కార్యాలయం ఆఫీసరు, జీపు డ్రైవరు ఎప్పుడో పోయారు. మూడో మనిషి సార్. ఇక మిగిలింది నేను.

ఆయనను మేమంతా ట్రాన్స్‌లేటర్ సార్ అనేవాళ్ళం. కర్నూలు పాత ఊళ్ళో మిషన్ కాంపౌండు పక్కన పుట్టారు. ఇంట్లో, చర్చిలో తెలుగు. మున్సిపల్ బడిలో ముస్లిం పిల్లల పక్కన కూర్చుని ఉర్దూ. ఉద్యోగం కోసం ఇంగ్లీషు. ఎడమచేతి వాటం. తెలుగు రాసినా ఇంగ్లీషు రాసినా సిరా ఆయన అరచేతి అంచుకు అంటుకుని, సాయంత్రానికి ఆ చెయ్యి నీలంగా ఉండేది. ఉర్దూ కుడినుంచి ఎడమకు పోతుంది కాబట్టి అంటుకునేది కాదు. "నా చేతికి సరిపోయిన భాష ఇదొక్కటే అప్పా" అనేవారు.

అప్పట్లో నేను కడపలో ఒక చిన్న పేపరుకు విలేకరిని. మీసాలు సరిగ్గా రాని వయసు. రోజూ నాలుగు గంటలకు ఆ ఆఫీసుకు పోయి ప్రకటనలు తెచ్చుకునేవాణ్ణి. నేను పోయేసరికి సార్ తను రాసింది తనకే పైకి చదివి వినిపించుకుంటూ ఉండేవారు. అలా చదవకుండా ఒక్క కాగితం కూడా టైపుకు ఇచ్చేవారు కాదు. "కండ్లను తప్పించుకునే అబద్ధం చెవికి దొరుకుతాది" అనేవారు. ఎవరైనా చెప్పిన మాట రాసుకుంటే, ముందు ఆ మనిషికే చదివి వినిపించేవారు. పల్లెల్లో ముసలివాళ్ళు దానికి ముచ్చటపడేవాళ్ళు. ప్రభుత్వం తరఫున వచ్చినవాళ్ళు తమ మాట తమకే తిరిగి వినిపించడం వాళ్ళు ఎన్నడూ చూసి ఉండరు.

పాతికేళ్ళ కిందట మంచుకొండల మీద యుద్ధం వచ్చింది. ఆ వేసవిలో రాజంపేట అవతల ఒక పల్లె కుర్రవాడు, సిపాయి, అక్కడ చనిపోయాడు. శవపేటిక వచ్చిన మూడో రోజు ఆఫీసరు జీపు తీశారు. సార్‌ను ఎక్కించుకున్నారు. నన్నూ రమ్మన్నారు.

ఆ ఇల్లు ఊరి చివర, చర్చి వెనక. తండ్రి లేడు. తల్లి ఇంటి ముందు బండమీద కూర్చుని ఉంది. నలభై ఐదేళ్ళుంటాయేమో, అరవై ఏళ్ళదానిలా కనిపించింది. ఇంటర్ చదివే చిన్నకొడుకు కుర్చీలు, షామియానా అప్పగించడానికి రాజంపేట పోయాడన్నారు. ఆఫీసరు రెండు మాటలు చెప్పాక, సార్ తన చిన్న పుస్తకం తీశారు.

"చెప్పమ్మా, నీకేం చెప్పాలనిపిస్తే అది చెప్పు."

ఆమె మెల్లగా మొదలుపెట్టింది. "వాడు మంచోడు సార్. చలికి కాళ్ళు పగుల్తాండాయి, ఉన్ని మేజోళ్ళు పంపమ్మా అని జాబు రాసినాడు. రాజంపేట అంతా తిరిగినా. ఈ ఎండల్లో ఉన్నివి ఎవురమ్ముతారు? చెన్నైకి పోయే లారీ ఆయప్పకు చెప్పి తెప్పిచ్చినా. నిన్న వచ్చినాయి అవి. వాడు మొన్ననే వచ్చినాడు."

ఆఫీసరు గొంతు సవరించుకున్నారు. "చిన్న కొడుకున్నాడు కదమ్మా. వాణ్ణి కూడా దేశం కోసం పంపుతావు కదా?"

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. "పంపను సార్. ఇంగ ఒక్కడే ఉండాడు నాకు. వాన్ని పంపను."

సార్ అది రాసుకున్నారు. రాసుకుని మొత్తం ఆమెకు చదివి వినిపించారు. "ఇదే గదమ్మా నువ్వు చెప్పింది?" అని అడిగారు. "ఇదే నాయనా" అంది.

తిరిగొచ్చాక ఆఫీసులో జరిగింది నా కళ్ళముందే జరిగింది. సార్ రాసిచ్చిన కాగితం ఆఫీసరు చదివారు. "ఇది పంపితే నా ఉద్యోగం పోతుందయ్యా. ప్రతి జిల్లా నుంచీ ఒక తల్లి కావాలని పైనుంచి రోజూ ఫోన్లు" అన్నారు. పెన్ను తీసి, 'పంపను' అన్న మాటలో రెండో పకు ఒక కొమ్ము తగిలించారు. పక్కన ఒక 'తా' ఇరికించారు. పంపుతాను అయింది. అంతే. దేశాన్ని కదిలించిన వాక్యం తయారు కావడానికి పట్టింది ఒక కొమ్ము, ఒక తా. దానిపైన ఇంకో వాక్యం రాశారు: నుదుట వీరతిలకం దిద్ది పెద్ద కొడుకును సాగనంపానని ఆమె చెప్పినట్టు.

"సార్, వాళ్ళు క్రైస్తవులు. బొట్టు పెట్టరు" అన్నారు మా సార్.

"చదివేవాళ్ళు పెడతారు కదయ్యా" అన్నారు ఆఫీసరు.

మేజోళ్ళు మాత్రం అడ్డంగా కొట్టేశారు. మన సైన్యానికి చలి బట్టలు లేవని శత్రువు అనుకుంటాడట.

సార్ ఆ కాగితం తీసుకుని తన బల్ల దగ్గరికి పోయారు. కూర్చుని ఆ దిద్దుబాట్లతోనే సాపు రాశారు. ఆ రోజు పైకి చదువుకోలేదు. నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను. నేను గడియారం చూసుకున్నాను. ఆరు గంటలకల్లా నేను వార్త పంపాలి.

ఒక్క తెలుగుతో పని అయిపోలేదు. ఉర్దూ పత్రికలకు వేరే ప్రెస్ నోటు. అందులో ఆ తల్లి వెనక్కి జరిగింది. ఆమె ఊళ్ళో ముస్లింలు రక్తం ఇవ్వడానికి వరసకట్టారని, ఈ మట్టికి తాము వఫాదారులమని, నమ్మకంగా ఉంటామని చెప్పారని రాయించారు. ఆ పల్లెలో ముస్లింల ఇల్లు ఒక్కటే. ఇంటాయన సైకిల్ రిపేరు చేస్తాడు, మేము పోయిన రోజు ఊళ్ళోనే లేడు. చర్చీల్లో పంచే కరపత్రంలో అదే తల్లి మోకరించి, బిడ్డను ప్రభువుకు అప్పజెప్పి, లేచి కన్నీళ్ళు తుడుచుకుంది. చర్చి తెలుగు బాగా వచ్చని దాన్నీ సార్ చేతనే రాయించారు. ఇంగ్లీషు నోటులో ఆమె అసలు ఏడవనే లేదు. హిందువుకు బొట్టు పెట్టి చూపించారు, క్రైస్తవుడికి మోకాళ్ళమీద చూపించారు, ముస్లిం చేత ఎవరూ అడగని ప్రమాణం చేయించారు. ఎవరికి ఏది చూపిస్తే గుండె కరుగుతుందో, ఎవరికి ఏది చూపిస్తే భయమేస్తుందో ఆ ఆఫీసుకు బాగా తెలుసు. అన్ని కాగితాల్లోనూ మారకుండా ఉన్నది ఒక్కటే: రెండో కొడుకును కూడా పంపుతాను.

నా పేరుతో మొదటి పేజీలో వచ్చిన మొదటి వార్త అది. మా అమ్మ దాన్ని కత్తిరించి దాచింది. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

నెలన్నర తర్వాత ఒక మధ్యాహ్నం నేను సార్ బల్ల దగ్గర కూర్చుని ఉండగా ఆ తల్లి వచ్చింది. బస్సులో ఒంటరిగా వచ్చింది. కొంగుముడి విప్పి పేపరు కత్తిరింపు తీసి సార్ ముందు పెట్టింది.

"నాకు చదువు రాదు నాయనా. నేనేమన్నానని ఉండాదో ఇందులో చదువు."

సార్ చదవలేకపోయారు. ఆమే చెప్పింది. ఊళ్ళో జనం వచ్చి కాళ్ళకు మొక్కుతుంటే ఎందుకో అర్థం కాలేదట. సిపాయిని కన్న తల్లి కాబట్టి మొక్కుతున్నారులే అనుకుందట. మొన్న చిన్నకొడుకు కడపలో సైన్యంలోకి తీసుకునే చోటికి పోయి, పరుగు పందెంలో నెగ్గి, ఇంటికొచ్చి చెప్పాడట. ఎందుకు పోయినావురా అంటే, "నువ్వే చెప్తివి గదమ్మా, పేపర్లో వేసిరి, నీ మాట పోనిస్తానా" అన్నాడట.

"నేను ఎప్పుడంటి నాయనా ఈ మాట? నువ్వే గదా రాసుకుంటివి. నాకు చదివి వినిపిస్తివి గదా."

సార్ లేచి ఆమెను ఆఫీసరు గదిలోకి తీసుకుపోయారు. నేనూ వెనకే పోయాను. తప్పు జరిగిందని ఒక సవరణ పంపుదామని సార్ అడిగారు. ఆఫీసరు ఆమెను కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఎంతో మర్యాదగా అన్నారు: "అమ్మా, ఆ మాట ఇప్పుడు నీది కాదు. జిల్లాది. దాన్ని వెనక్కు తీసుకునే హక్కు నీకు లేదు."

"మాట ఎవురిదన్నా కానీ సార్. పిల్లోడు నావోడు" అంది ఆమె. టీ ముట్టకుండా లేచి పోయింది.

నేను మా ఎడిటరు దగ్గరికి పోయాను. "యుద్ధం నడుస్తుంటే సవరణ వేస్తామా? వీరమాత అబద్ధమని రాస్తే పొద్దున్నే మన ఆఫీసు అద్దాలు మిగలవు" అన్నాడు. నేను మళ్ళీ అడగలేదు.

సార్ మాత్రం ఊరుకోలేదు. మరునాడు సెలవు పెట్టి, "వస్తావా అప్పా?" అని నన్ను అడిగారు. ఇద్దరం రాజంపేట బస్సెక్కాం. ఊరి మలుపులో పెద్ద బోర్డు నిలబెట్టి ఉంది. దానిమీద ఆ తల్లి బొమ్మ, నుదుట రూపాయంత బొట్టు, కింద ఆ వాక్యం. ఆమె రోజూ కూలికి ఆ బోర్డు కిందనుంచే పోవాలి.

చర్చి ముందు పదిమంది ఉన్నారు. చిన్నకొడుకూ ఉన్నాడు. సార్ వాడి ఎదురుగా నిలబడి, అందరికీ వినపడేలా చెప్పారు. "నాయనా, ఆ మాట మీ అమ్మ అనలే. పంపనని చెప్పింది. మావాళ్ళు మార్చినారు. ఆ మార్చింది ఈ చేత్తోనే సాపు రాసినా. మీ అమ్మకు నిన్ను పంపే మనసు లేదు."

అక్కడ ఎవరూ ఆఫీసరును తిట్టలేదు. మా మీద కోపం చేసుకున్నారు. సంఘ పెద్ద ఒకాయన ముందుకొచ్చాడు. "సార్, ఇంతకాలానికి మా పేటకు ఒక పేరొచ్చింది. పెద్ద ఊర్లోవాళ్ళు మా వాకిట్లోకొచ్చి మంచినీళ్ళు తాగి పోతాండారు. దాన్ని తీసేయడానికి వస్తిరా మీరు?"

ఆ అబద్ధం వాళ్ళకు గౌరవం తెచ్చింది, నిజమే. అంతకుముందు ఆ గౌరవం ఎందుకివ్వలేదని మమ్మల్ని అడగాల్సింది. కానీ ఒక మనిషికి దక్కాల్సిన మర్యాదను కూడా ఎరగా వేసి వాడి రెండో బిడ్డను లాక్కునే తెలివిని ఏమనాలి?

పిల్లవాడు తల వంచుకుని విన్నాడు. చివరికి, "అమ్మ అనకపోయినా నేను పోతా సార్" అన్నాడు. "ఇప్పుడు పోకుంటే అన్న పేరు పోతాది. ఈ ఊర్లో నేను తలెత్తుకోని తిరగలేను." తల్లి చర్చి గోడ పక్కన నిలబడి అంతా వింది. పదిమందిలో ఆమె ఏమంటుంది? పంపనంటే కొడుకు పరువు పోతుంది. పంపుతానంటే కొడుకే పోతాడు.

వాడు పోయాడు.

సార్‌కు మెమో వచ్చింది. ఆదోనికి బదిలీ చేశారు. అక్కడ ఆయనకు రాయడానికి పెద్దగా ఏమీ ఇవ్వలేదు. ఒకసారి నేను చూడటానికి పోతే, సాయంత్రంపూట ఇంటి ముందు కుర్చీ వేసుకుని రేడియో వింటున్నారు. పొరుగు దేశం ఉర్దూ వార్తలు. నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "యుద్ధమప్పుడు ఈ రేడియోలో ఒకామె మాట్లాడిందప్పా, ఆ పక్క సిపాయి తల్లి. ఇంకో కొడుకుండాడు, వాన్ని కూడా పంపుతాననింది. అదే మాట. ఉర్దూలో నేను రాసింటే ఎట్లా రాసిందునో, అట్లనే." రేడియో గొంతు తగ్గించి మళ్ళీ అన్నారు. "ఆ పక్క కూడా నా మాదిరోడు ఒకడు కూచోనుంటాడు. వాని దగ్గర కూడా చిన్న పుస్తకముంటాది. అందులో ఆమె నిజంగా ఏమనిందో ఉంటాది."

ఆ మాట విన్నాక నేను ఏ దేశపు వీరమాత వార్తనూ మునుపటిలా చదవలేకపోయాను. ఏ భాషైనా, ఏ మతమైనా, ముందు ఆడమనిషి నోరు మూయిస్తారు. తర్వాత ఆ నోటితోనే మాట్లాడిస్తారు.

ఆదోని నుంచి రాజంపేట దగ్గరేం కాదు. అయినా సార్ నెలకొకసారి ఆ పల్లెకు పోయేవారు. మొదటిసారి పోయినప్పుడు ఆమె తలుపు తీయలేదు. రెండోసారి బండమీద కూర్చుని ఎదురుచూశారు. మూడోసారి ఆమె బయటికొచ్చి, "చిన్నోనికి జాబు రాయాల. నువ్వే రాయి. నేను చెప్పిందే రాయి" అంది. అప్పటినుంచీ కొడుకుకు ఆమె జాబులన్నీ సారే రాశారు. ఒకసారి నేనూ పక్కనే ఉన్నాను. వరికోత కూలి, మేక ఈనింది, నువ్వు సరిగ్గా తింటాండావా లేదా, ఇవే మాటలు. రాశాక ఆమెకు చదివి వినిపించారు. "ఇంగొకసారి చదువు" అంది. మళ్ళీ చదివారు. 'జాగర్త' అన్న మాట దగ్గర ఆపి, "రెండుసార్లు చెప్పినా నేను, ఒకసారే రాస్తివి" అంది. సార్ అక్కడే ఇంకోసారి రాశారు. ఇళ్ళల్లో ఫోన్లు వచ్చిందాకా అలా పోయి రాస్తూనే ఉన్నారు. ఎందుకు సార్ ఇంత దూరం అంటే, "ఆమె నోరు తీసుకుంటిమి గదప్పా, తిరిగియ్యద్దా?" అన్నారు.

చిన్నకొడుకు బతికి తిరిగొచ్చాడు. కుడి చెవి వినపడదు. ఫిరంగుల దగ్గర పనిచేశాడు. ఇప్పుడు రాజంపేట దగ్గర అరటితోట కౌలుకు చేస్తున్నాడు. తల్లి వాడి దగ్గరే ఉంది. వాడు బతికొచ్చాడు కదా, ఇంకేమిటి నీ బాధ అని నన్ను అడిగినవాళ్ళున్నారు. ఆ తల్లి పదిహేడేళ్ళు తపాలా మనిషిని చూసి ఉలిక్కిపడింది. ఆ ఏళ్ళు ఆమెకు ఎవరు తెచ్చిస్తారు?

మొన్నటి యుద్ధం కొన్నాళ్ళే సాగింది. ఆ రోజుల్లో సార్‌ను చూడటానికి పోయాను. రిటైరై కడపలో కూతురింట్లో ఉండేవారు. ఊపిరికి ఇబ్బందిగా ఉంది. టీవీలో గొంతులు చించుకుంటున్నారు. నాకు ఫోనులో ఎవరో పంపిన బాంబుల వీడియో చూపిస్తే, అది పిల్లలు ఫోనుల్లో ఆడుకునే ఆటలోదని ఆయన కూతురు చెప్పింది. సార్ దిండుకు ఆనుకుని, "మా కాలంలో ఒక మాటను అబద్ధం చేయాలంటే ముగ్గురి సంతకాలన్నా కావాల్సొస్తాండెది" అన్నారు. నవ్వలేదు.

కింద వీధిలో దర్జీ దుకాణముంది. ఆ ముస్లిం ఆయన సార్ రిటైరై వచ్చినప్పటినుంచీ సార్‌కు చొక్కాలు కుట్టినవాడు. ఆ వారమంతా ఆయన వేరే పని పక్కన పెట్టి ఒకే పెద్ద జెండా కుట్టాడు. కుట్టి దుకాణానికి అడ్డంగా కట్టాడు. పైకెక్కే ముందు బాగుందని నేనన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, "చిన్నదైతే కనపడదేమోనని సార్" అన్నాడు. పైకొచ్చి సార్‌కు చెప్పాను. సార్ కళ్ళు మూసుకున్నారు. "వాళ్ళకోసం నేను రాసిన ఉర్దూ నోటు అప్పా అది" అన్నారు. "అప్పుడు కాగితం మీద రాస్తి. ఇప్పుడు ఆయప్పతోనే కుట్టిస్తాండారు." నేను లేస్తుంటే చెయ్యి పట్టుకుని చెప్పారు. "తమకొచ్చిన నోటులో ఏముండాదో అందరూ చదువుతారు. పక్కవీధికి పోయిన నోటులో ఏముండాదో అడుగు. అది అడిగితే చాలు."

ఆయన నాతో చెప్పిన చివరి మాట అది. నా ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరూ నాకు నేర్పని పాఠం కూడా అదే.

అలాంటి మనిషిని పట్టుకుని, ఆ వాక్యాన్ని ప్రజలకు చేర్చిన ఘనుడని రాశారు. బతికుండగా మెమో ఇచ్చినవాళ్ళే, పోయాక ఆయన జీవితంలోని ఒకే ఒక్క సిగ్గును మెడలో దండగా వేశారు. ఆయన అడ్డు చెప్పలేరని తెలిసి వేశారు. పాతికేళ్ళ కిందట నేను అచ్చేయలేకపోయిన సవరణ ఇది: ఆమె పంపనన్నది. ఆయన అది సరిగ్గానే రాసుకున్నారు.

సమాధుల తోటలో మట్టి ఇచ్చేటప్పటికి మధ్యాహ్నం దాటింది. ఆఫీసు నుంచి ఎవరూ రాలేదు. పాస్టరు ప్రార్థన చేశాక అందరం తలా పిడికెడు మట్టి వేసి నీడకు జరిగాం. గుంత తవ్విన ఇద్దరూ మట్టి పూడ్చడానికి పారలు తీసుకుంటుంటే, అరటితోట చేసే ఆ చిన్నకొడుకు వచ్చి ఒకరి చేతిలో పార అందుకున్నాడు. నలభై దాటిన మనిషి. కాసేపటికి రెండో అతను అలిసిపోయి పక్కకు జరిగాడు. ఇతను ఆపలేదు. చాలు రమ్మని ఎవరో కుడివైపు నుంచి పిలిచారు, వినపడలేదు. అతని తల్లి ఎండలోనే నిలబడి చూస్తూ ఉంది. మట్టి దిబ్బ లేచాక అతను పార కింద పెట్టి, మోకాళ్ళమీద కూర్చుని, రాళ్ళు ఒక్కొక్కటే ఏరి పక్కన పడేస్తూ, రెండు అరచేతులతో ఆ మట్టిని చుట్టూ మెల్లగా అదుముతూ ఉండిపోయాడు.